ఫుల్ సింథటిక్ అంటే అసలేంటి? ఒక ఇంజిన్ ఆయిల్ కథ

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా బైక్‌కి నేనే ఆయిల్ మార్చా. కారుకి వేసే ఫుల్ సింథటిక్ డబ్బా ఒకటి కొని పోసేశా. రేటు ఎక్కువ కాబట్టి మంచిదే అయ్యుంటుంది అనుకున్నా. కొన్నాళ్లకే క్లచ్ జారడం మొదలైంది. రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. మెకానిక్ అన్న డబ్బా చూసి, "ఆయిల్ మంచిదే తమ్ముడూ, నీ బండికి కాదు" అన్నాడు. ఆ మాట దగ్గర పట్టుకుని చదవడం మొదలుపెడితే ఈ చరిత్రంతా బయటికొచ్చింది.

ముందు కెమిస్ట్రీ, రెండు నిమిషాల్లో. మామూలు మినరల్ ఆయిల్‌ని క్రూడ్ ఆయిల్ శుద్ధి చేసి తీస్తారు. అందులో చిన్న అణువులు, పెద్ద అణువులు, మైనం లాంటివి అన్నీ కలిసి ఉంటాయి. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో తెలుసుగా? బాగా చల్లబడితే ఆ మైనం కూడా అలాగే గడ్డకడుతుంది. సింథటిక్‌లో పద్ధతే వేరు. ఇథిలీన్ గ్యాస్ నుంచి పది కార్బన్లుండే డెసీన్ తయారుచేస్తారు. వాటిని మూడేసి, నాలుగేసి కలిపి హైడ్రోజన్ పట్టిస్తారు. దీన్నే పీఏఓ అంటారు. జల్లెడ పట్టిన కంకరకీ, అచ్చులో పోసిన ఇటుకలకీ ఎంత తేడానో అంత తేడా అన్నమాట. మైనం దాదాపు ఉండదు.

ఇలాంటి ఆయిల్‌ని అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ ఇండియానా 1929లోనే తయారుచేసింది. కానీ కొనేవాళ్లు లేరు. అవసరం యుద్ధంతో వచ్చింది. 1941 చలికాలంలో రష్యాలో జర్మన్ సైన్యం వాహనాల్లో ఆయిల్ గడ్డకట్టి ఇంజిన్లు స్టార్ట్ కాలేదు. జర్మనీలో హెర్మన్ జోర్న్, అమెరికా నేవీ ల్యాబ్‌లో విలియం జిస్మన్ ఎస్టర్ల మీద పనిచేశారు. ఎస్టర్లంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిపి చేసే ఇంకో రకం సింథటిక్. తర్వాత జెట్ ఇంజిన్ల వేడికి మినరల్ ఆయిల్ తట్టుకోలేకపోతే, అక్కడా ఎస్టర్లే పనికొచ్చాయి.

ఆకాశం నుంచి రోడ్డు మీదికి తెచ్చినవాళ్లలో ఒకరు అల్ అమటూజియో. ఆయన జెట్ ఫైటర్ స్క్వాడ్రన్ కమాండర్. 1972లో ఆయన ఆమ్సాయిల్ కార్లకి సింథటిక్ ఆయిల్ తెచ్చింది. 1973 చమురు సంక్షోభంతో పెట్రోల్ ఆదా చేయడం అందరికీ పట్టింది. 1974లో మొబిల్ 1 వచ్చింది.

మరి నిజంగా రోడ్డు మీద తేడా ఉందా? ఇక్కడే నాకు బాగా నచ్చిన ప్రయోగం ఉంది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక న్యూయార్క్‌లో 75 ట్యాక్సీలు తీసుకుని, ఇంజిన్లు కొత్తగా రీబిల్డ్ చేయించి, ఒక్కోదాన్ని 60,000 మైళ్లు, అంటే దాదాపు 96,000 కిలోమీటర్లు తిప్పింది. తర్వాత ఇంజిన్లు విప్పి పార్టుల అరుగుదల కొలిచింది. 1996లో రిజల్ట్ ప్రింట్ చేసింది: ఆయిల్ మారినా అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు!

అంటే సింథటిక్ మోసమా? ఆగండి. న్యూయార్క్ ట్యాక్సీ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ చల్లబడేదే తక్కువ. సింథటిక్ పుట్టిందేమో గడ్డకట్టే చలిలో స్టార్ట్ అవ్వడానికి, విపరీతమైన వేడి తట్టుకోవడానికి. ఆ పరీక్ష అసలు ఆ ప్రశ్నే అడగలేదు. కోడ్‌లో టెస్ట్ కేసులు రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. టెస్ట్ పాసైంది అంటే మనం రాసిన కేసు వరకే.

ఇంకో ట్విస్ట్ ఉంది. 1990ల చివర్లో క్యాస్ట్రాల్ తన సింటెక్ ఆయిల్‌లో పీఏఓ మానేసి, క్రూడ్ నుంచే వచ్చి హైడ్రోజన్‌తో అణువుల రూపం మార్చిన గ్రూప్ 3 ఆయిల్ వాడింది. ఇది సింథటిక్ ఎలా అవుతుందని మొబిల్ అమెరికాలో ప్రకటనల వివాదాలు తేల్చే సంస్థకి ఫిర్యాదు చేసింది. 1999లో తీర్పు క్యాస్ట్రాల్ వైపే వచ్చింది. అణువులు రసాయనికంగా మారాయి కాబట్టి సింథటిక్ అనొచ్చు అని తేలింది. గ్రూప్ 3 నాసిరకం కాదు, మంచి ఆయిలే. కానీ డబ్బా మీద సింథటిక్ అన్న మాట చూసి లోపల ఏముందో చెప్పే రోజులు అక్కడితో పోయాయి.

ఇప్పుడు నా బైక్ సంగతి. చాలా బైకుల్లో ఇంజిన్ ఆయిలే క్లచ్ ప్లేట్లని కూడా తడుపుతుంది. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. వాటితో క్లచ్ జారుతుంది. అందుకే బైక్ ఆయిల్ మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. నా డబ్బా మీద అది లేదు. వెనక్కి తిప్పి చూసి ఉంటే క్లచ్ ప్లేట్ల ఖర్చు మిగిలేది.

కాబట్టి ఈసారి సర్వీసింగ్‌కి వెళ్లేముందు ఓనర్స్ మాన్యువల్ తెరవండి. 10డబ్ల్యూ-30 లాంటి నంబర్, ఏపీఐ గ్రేడ్, బైకైతే జాసో, ఈ మూడూ కలిశాకే మినరలా సింథటికా అని ఆలోచించండి. మీ బండికి మాన్యువల్ ఏ ఆయిల్ చెప్తోంది, మీరు ఏది పోస్తున్నారు? కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.