ఐదేళ్ల రాజు

మలేసియాలో రాజు పదవీకాలం ఐదేళ్లు. నల్లగొండ జిల్లాలోని మా వాడపల్లి సర్పంచి పదవీకాలమూ అంతే. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. “గడువైతే దిగిపోయేటోడు రాజెట్ల అయితడు బిడ్డా?” అంది. నిజాం పాలన చూసినవాళ్ల నోట కథలు విని పెరిగిన మనిషి. ఆమె లెక్కలో రాజంటే గడీ, వెట్టి, సుంకాలు వసూలు చేసే కరోడ్‌గిరి నాకా. ఒకరోజు మాటల్లో తేలే విషయం కాదని అప్పుడే అర్థమైంది.

నేనుండేది కౌలాలంపూర్‌లో. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల పూర్వీకులు చాలామంది ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లో కూలికి వచ్చినవాళ్లు. వాళ్లకు నిజాం పాలనతో పరిచయం లేదు. మనకేమో ఇక్కడి సుల్తానుల సంగతి తెలియదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కాలంలో రాజుతో ఏం పని అన్న ప్రశ్నకు కాస్త జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందు ఏర్పాటు ఏమిటో చెబుతాను. మలేసియాలో 13 రాష్ట్రాలు. అందులో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు: జొహోర్, కెడా, కెలంతాన్, నెగిరి సెంబిలాన్, పహాంగ్, పెరాక్, పెర్లిస్, సెలంగోర్, తెరెంగాను. పినాంగ్, మలక్కా, సబా, సరవాక్‌లకు గవర్నర్లు. ఆ తొమ్మిది మంది కలిసి తమలో ఒకరిని ఐదేళ్లకు దేశానికంతటికీ రాజుగా ఎన్నుకుంటారు. ఆయన్ని అగోంగ్ అంటారు. ఎన్నిక పాలకుల సభలో, రహస్య బ్యాలెట్‌తో జరుగుతుంది. గవర్నర్లకు ఓటు లేదు. వరసలో ముందున్న పాలకుడి పేరు తీసుకుని, ఈయన తగునా తగడా అని ఒక్కొక్కరూ ఓటేస్తారు. కనీసం ఐదు ఓట్లు రావాలి. పేరు వచ్చినా వద్దనే హక్కు ఆ పాలకుడికి ఉంది. 1957 నుంచి ఒక చుట్టు పూర్తయ్యాక అదే వరస మళ్లీ మళ్లీ నడుస్తోంది. 2024 జనవరి 31న జొహోర్ సుల్తాన్ ఇబ్రహీం పదిహేడో అగోంగ్ అయ్యారు.

ఎన్నికైన రాజు అన్న ఆలోచన గాలిలోంచి ఊడిపడలేదు. నెగిరి సెంబిలాన్ రాష్ట్రంలో పాలకుణ్ని స్థానిక తెగల పెద్దలు రాజవంశం నుంచి ఎంచుకోవడం ముందు నుంచీ ఆచారం. దాన్నే దేశం స్థాయికి పెంచారు. రాజ్యాంగం రాయడానికి 1956లో వేసిన రీడ్ కమిషన్‌లో బ్రిటన్, ఆస్ట్రేలియా, పాకిస్తాన్‌ల వాళ్లతోపాటు మన దేశం నుంచి అలహాబాద్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బి. మాలిక్ కూడా ఉన్నారు. 1957 ఆగస్టు 31న మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి అగోంగ్ నెగిరి సెంబిలాన్‌కు చెందిన అబ్దుల్ రహమాన్. ఇప్పటికీ ఇక్కడ రింగిట్ నోటు ఏది తీసినా ఆయన ముఖమే. తర్వాత ఎందరు మారినా నోటు మీద బొమ్మ మారలేదు.

అయితే ఈ సుల్తానులకు జనంలో అంత పలుకుబడి ఎక్కడిది? 1946లో బ్రిటిష్‌వాళ్లు మలయన్ యూనియన్ పేరుతో రాష్ట్రాలన్నిటినీ ఒక్కటి చేసి, సుల్తానులను నామమాత్రం చేయబోయారు. మలయ్‌లు దేశమంతటా ఎదురు తిరిగారు. ఆ కోపంలోంచే ఆ ఏడాది మే నెలలో ఆమ్నో పార్టీ పుట్టింది. రెండేళ్లు తిరగకుండానే బ్రిటిష్‌వాళ్లు వెనక్కి తగ్గి, 1948 ఫిబ్రవరిలో సమాఖ్య ఏర్పాటు చేశారు. ఒక రాజును కాపాడుకోవడానికి జనం రోడ్డెక్కడం నల్లగొండ జిల్లావాడికి మింగుడుపడని సంగతి. సరిగ్గా ఆ ఏడాదే, 1946 జులై 4న, మా కడవెండిలో దొరకు ఎదురు నిలిచిన దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. మలయాలో జనం సుల్తానుల వెంట నిలబడితే, తెలంగాణలో జనం దొరల గడీల మీదికి నడిచారు.

తేడా మనుషుల మంచితనంలో లేదు, అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది. 1874లో పెరాక్‌తో పాంకోర్ ఒప్పందం కుదిరినప్పటి నుంచి క్రమంగా ఒక్కో సుల్తాను పక్కనా బ్రిటిష్ రెసిడెంటో సలహాదారో వచ్చి కూర్చున్నాడు. పన్నులు, పోలీసులు, కోర్టులు ఆయనవి. సుల్తానుకు మిగిలింది మతం, మలయ్ ఆచారం. పన్ను వసూలు చేసినవాడి మీద పడే ఉసురు సుల్తాను దాకా రాలేదు. నిజాం సంగతి వేరు. బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాదులోనూ ఉన్నాడు గానీ, సొంత రూపాయి హాలీ సిక్కా, సొంత రైలు, సొంత పోలీసు, సొంత కస్టమ్స్ అన్నీ నిజాంవే. జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు, నిజాం సొంతమైన సర్ఫేఖాస్ భూములు ఆయన సింహాసనం కింది కాళ్లు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, మా అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర నిలబడితే అవతలి గట్టు కనిపిస్తుంది. అప్పుడు ఆ గట్టు ఇంగ్లీషు వాళ్ల గుంటూరు జిల్లా. ఇటు హాలీ సిక్కా, అటు ఇంగ్లీషు వాళ్ల కల్దార్ రూపాయి. సరుకుతో ఏరు దాటినవాడు సర్కారుకు లెక్క చెప్పాల్సిందే. అంత అధికారం చేతిలో ఉన్న రాజుకు అది వదులుకోవడమూ అంతే కష్టం.

నిజానికి నిజాంను ఎవరూ మొదట్లో దిగిపొమ్మనలేదు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ అడిగింది నిజాం నీడలోనే బాధ్యతాయుత ప్రభుత్వం. అంటే ఇవాళ నేను మలేసియాలో చూస్తున్నలాంటి ఏర్పాటే. దానికి జవాబు నిషేధం. స్వామి రామానంద తీర్థ జైలుకెళ్లారు. 1947 జూన్‌లో, బ్రిటిష్‌వాళ్లు పోగానే తాను స్వతంత్రుడినని నిజాం ప్రకటించాడు. ఆ ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ భారత్‌లో చేరాలనే దినం జరిపింది. రాజు నీడ కావాలన్న మాట ఆపైన ఎవరి నోటా వినబడలేదు. 1948 సెప్టెంబర్ 13న బెజవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం కోదాడ మీదుగా మర్నాడు సూర్యాపేటకు చేరింది. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చేశాయి. ఐదు రోజుల్లో అంతా ముగిసింది.

మన జ్ఞాపకాల్లో కథ అక్కడే ఆగిపోతుంది. తర్వాతి అధ్యాయం మనం చదవం. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నది, అదే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా పాలన నడుపుతుంటే, పైన పేరుకు నిజాం. 1938లో కాదన్న ఏర్పాటులో ఆయన దాదాపు ఏడేళ్లు గొడవ లేకుండా గడిపాడు. రాజు అనేవాడు రాజ్యాంగానికి కట్టుబడి ఉండటం కుదరదనే వాదనకు మన గడ్డ మీదే జవాబుంది. కాకపోతే ఓడిపోయాక కుదిరింది. ఏడో రాజ్యాంగ సవరణతో ఆ పదవే పోయింది.

మళ్లీ కౌలాలంపూర్‌కు వస్తాను. రాజు విలువ ఏమిటో ఈ దేశం 2020 ఫిబ్రవరిలో చూసింది. 24న ప్రధాని మహతీర్ రాజీనామా చేశారు. సంకీర్ణం చీలిపోయింది. దిగువ సభలో 222 మంది, ఎవరి వెనక ఎందరో ఎవరికీ తెలియదు. ప్రధానిని నియమించేటప్పుడు ఇక్కడి రాజ్యాంగం అగోంగ్‌కు ఇచ్చిన పని ఒక్కటే: సభలో మెజారిటీ నమ్మకం ఎవరికి ఉండొచ్చో నిర్ణయించడం. అప్పటి అగోంగ్, పహాంగ్ సుల్తాన్ అబ్దుల్లా, ఎంపీలను రెండు రోజులపాటు ఒక్కొక్కరిగా పిలిపించి, నీ మద్దతు ఎవరికి అని అడిగారు. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే. గేటు బయట విలేకరులు కాపు కాశారు. లోపలి నుంచి రాజే వచ్చి వాళ్లకు తినడానికి పంచిపెట్టిన దృశ్యం టీవీలో అందరం చూశాం. మార్చి 1న ముహిద్దీన్ యాసిన్ ప్రధాని అయ్యారు. అంతలో తన వెనక 114 మంది ఉన్నారని మహతీర్ జాబితా బయటపెట్టారు. ఆ లెక్క సభలో తేలనే లేదు. మే 18న సభ కూడింది ఒక్క రోజు, అదీ రాజు ప్రసంగానికే.

2022 నవంబర్ ఎన్నికల్లోనూ ఎవరికీ మెజారిటీ రాలేదు. అన్వర్ ఇబ్రహీం కూటమికి 82, ముహిద్దీన్ కూటమికి డెబ్బైకి పైన, పాత పాలక కూటమికి 30. అన్వర్, ముహిద్దీన్ ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడపండని అగోంగ్ సూచిస్తే ముహిద్దీన్ ఒప్పుకోలేదు. మిగతా పాలకులతో మాట్లాడి, నవంబర్ 24న అన్వర్‌ను నియమించారు. ఈసారి డిసెంబర్‌లో సభలో విశ్వాస తీర్మానం కూడా పెట్టారు, నెగ్గింది. వీధుల్లో రాయి పడలేదు, కాల్పులు లేవు. ఆ నాలుగైదు రోజులూ మా ఆఫీసులో చైనీయులు, తమిళులు, మలయ్‌లు అందరూ ఒకే మాట అన్నారు: ప్యాలెస్ చెప్పనీ, చూద్దాం.

ఇది చదువుతుంటే తెలుగువాడికి 1984 ఆగస్టు గుర్తుకు రాకమానదు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ ఆగస్టు 16న దింపేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేలను లెక్కపెట్టే పని రాజ్‌భవన్ చేయకపోతే, ఎన్టీఆర్ వాళ్లను ఢిల్లీకి తీసుకెళ్లి చక్రాల కుర్చీలో కూర్చుని రాష్ట్రపతి ఎదుట నిలబెట్టారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. రామ్‌లాల్‌ను నియమించింది ఢిల్లీ, తీసేసేదీ ఢిల్లీ. అగోంగ్‌ను ఏ పార్టీ నియమించలేదు, ఐదేళ్ల తర్వాత వరసలో తన వంతు మళ్లీ వచ్చేసరికి దశాబ్దాలు గడుస్తాయి. ఊరి పంచాయితీలో ఇరు పక్షాల సొమ్ము తినని పెద్దమనిషి మాట చెల్లినట్టే, ఆయన మాట చెల్లింది.

అంతమాత్రాన ఇదంతా బంగారమని అనను. 2009లో పెరాక్‌లో ముగ్గురు ఎమ్మెల్యేలు ఫిరాయిస్తే ముఖ్యమంత్రి సభ రద్దు కోరారు. అక్కడి సుల్తాన్, ఒకప్పుడు దేశ న్యాయవ్యవస్థకు అధిపతిగా చేసిన అజ్లాన్ షా, కాదని ప్రభుత్వాన్నే మార్చారు. మరుసటి ఏడాది అత్యున్నత న్యాయస్థానం అది చెల్లుతుందంది. ఓటరుకు మాత్రం తన తీర్పు ప్యాలెస్‌లో మారిపోయిందన్న బాధ మిగిలింది. ఇక్కడ రాజరికాన్ని విమర్శిస్తే రాజద్రోహ చట్టం కింద కేసు పడుతుంది. నాయకుణ్ని తిట్టగల దేశంలో పుట్టినవాడికి ఇది ఇరుకే. ఇంకో ప్రమాదమూ ఉంది. పార్టీలు బలహీనపడ్డకొద్దీ ప్యాలెస్ బలపడుతుంది. 2020 నుంచి జరుగుతున్నది కొంత అదే.

రాజు చేతిలో బలం పెరిగితే ఏమవుతుందో పొరుగున చూశాం. నేపాల్ రాజు జ్ఞానేంద్ర 2005లో అధికారమంతా చేతిలోకి తీసుకున్నాడు, 2008లో రాజ్యమే పోయింది. అదే ఏడాది భూటాన్ రాజు అధికారం ఎన్నికైనవాళ్లకు అప్పగించాడు, సింహాసనం నిలిచింది. మలేసియా కూడా తన రాజులను కోసి కుదించుకుంటూ వచ్చింది. ఒక సుల్తాను తనను కొట్టాడని హాకీ కోచ్ ఒకరు చేసిన ఫిర్యాదుతో, 1993లో పాలకులకు కోర్టు నుంచి ఉన్న రక్షణ తీసేసి ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 1994లో ఇంకో కోత పడింది. పార్లమెంటు పంపిన బిల్లు మీద అగోంగ్ 30 రోజుల్లో సంతకం పెట్టకపోయినా అది చట్టమైపోతుంది.

ఈ 30 రోజుల ముచ్చటే మనవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. మనకు రాజు అక్కర్లేదు, మన పెద్దలు ప్రాణాలిచ్చి ఆ లెక్క తేల్చారు. కానీ రాజు చేసే పని మనకూ ఉంది, దాన్ని గవర్నర్‌కు ఇచ్చాం. మెజారిటీ లెక్క సభలోనే తేలాలని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ 1994లోనే. బిల్లుల దగ్గర మాత్రం మన రాజ్యాంగం వీలైనంత త్వరగా అని ఊరుకుంది. బిల్లులు రాజ్‌భవన్‌లో ఆగిపోయాయని 2023లో తెలంగాణ ప్రభుత్వమే సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చిన రాజుకు ఇక్కడ గడువుంది, నియమించిన గవర్నర్‌కు మన దగ్గర లేదు. పైన కూర్చున్న వ్యక్తి రాజా, గవర్నరా అన్నదానికంటే, ఆయన ఏం చేయకూడదో, ఎన్ని రోజుల్లో చేయాలో రాసిపెట్టుకున్నామా లేదా అన్నదే అసలు ప్రశ్న. కిరీటం ఉంచుకున్న దేశం ఆ పని చేసింది, కిరీటం తీసేసిన మనం ఇంకా చేయాలి.