జరాసీమ్ జంగ్ మీద పాబందీ: మంగ్నీ వేరు, నిఖా వేరు

మా కథలాపూర్ మండలంలో గల్ఫ్ గురించిన ముచ్చట్లన్నీ వీసా, ఏజెంటు, కఫీల్, జీతం చుట్టే తిరుగుతాయి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలో ఎక్కడ కూర్చున్నా ఇదే గుఫ్తగూ. ఆ దేశాలు ఏ హథియార్లను వద్దనుకున్నాయి, ఏ ముఆహిదాల మీద దస్తఖత్ చేశాయి అనేది మన మాటల్లోకి రాదు. రావాలని నా ఖయాల్. ఎందుకంటే అక్కడ గాలి విషమైతే ముందుగా పీల్చేది లేబర్ క్యాంపులో పడుకున్న మనోడే.

ఉర్దూలో జీవాయుధాలను జరాసీమీ హథియార్ అంటారు. జరాసీమ్ అంటే సూక్ష్మక్రిములు. రోగాన్ని పెంచి, దాచి, దుష్మన్ మీదికి వదలడం. జంగ్‌లో దీన్ని వాడొద్దని దేశాలు మొదట రాసుకున్నది 1925 జూన్ 17 నాటి జెనీవా ప్రోటోకాల్‌లో. అది వాడకాన్ని ఆపింది గానీ తయారీని ఆపలేదు. పైగా చాలా దేశాలు ఒక షరతు పెట్టుకున్నాయి: ఎదుటోడు వాడితే మేమూ వాడతాం అని. తర్వాత జపాన్ ఫౌజ్‌లోని యూనిట్ 731 చైనాలో ఖైదీల మీద ప్లేగు, ఆంత్రాక్స్ ప్రయోగాలు చేసింది. అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ కూడా తమ తమ కార్‌ఖానాలు నడిపాయి.

1969 నవంబర్‌లో అమెరికా సదర్ నిక్సన్ తమ జీవాయుధాలను వదులుకుంటున్నామని ఎలాన్ చేశాడు. దాంతో దారి తెరుచుకుంది. 1972 ఏప్రిల్ 10న జీవాయుధాల ఒప్పందం దస్తఖత్‌లకు వచ్చింది, 1975 మార్చి 26 నుంచి అమల్లోకి వచ్చింది. తయారీ, నిల్వ, సంపాదన అన్నీ మనా. ఒక తరహా హథియార్లను మొత్తంగా నిషేధించిన మొదటి ముఆహిదా ఇదే.

ఇక్కడ ఒక బారీక్ బాత్ ఉంది. దేశం దస్తఖత్ చేయడం మంగ్నీ లాంటిది. మాట ఇచ్చినట్టే, కాని బంధం పూర్తి కాలేదు. తౌసీఖ్, అంటే ఆ ఒప్పందాన్ని తన దేశం తరఫున ధ్రువపరచి పత్రాలు దాఖలు చేయడం, నిఖా లాంటిది. మంగ్నీ చేసుకుని ఏండ్లకేండ్లు నిఖా దాకా రాని దేశాలు చాలా ఉన్నాయి. అసలు మంగ్నీకే రాని దేశాలూ ఉన్నాయి.

హిందుస్తాన్ 1973 జనవరిలో దస్తఖత్ చేసి 1974 జులై 15న తౌసీఖ్ చేసింది. పోఖ్రాన్ అణుపరీక్ష జరిగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. పాకిస్తాన్ అదే ఏడు సెప్టెంబర్‌లో చేసింది. బాంబు విషయంలో ఒకరినొకరు నమ్మని ఇద్దరు హమ్‌సాయాలు జరాసీమ్ విషయంలో మాత్రం ఒకే కాగితం కిందికి వచ్చారు.

ఇక ఇరాక్. 1972 మే నెలలోనే దస్తఖత్ చేసింది, తౌసీఖ్ చేయలేదు. 1980లలో గుట్టుగా ఆంత్రాక్స్, బొటులినమ్ విషం తయారుచేసింది. ఆంత్రాక్స్ విత్తనం ఎక్కడి నుంచి పోయిందో తెలుసా? అమెరికాలోని ఒక కల్చర్ బ్యాంకు నుంచి, అక్కడి హుకూమత్ ఇచ్చిన ఎగుమతి లైసెన్సు మీద. ఇరాక్ తయారుచేసిన మూడో విషం అఫ్లాటాక్సిన్. ఈ పేరు మన రైతులకు కొత్త కాదు. తడిసిన మక్కలకు, పల్లికాయకు పట్టే బూజులోంచి పుట్టేది అదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సైంటిస్టులు దాన్ని తక్కువ ఖర్చుతో కనిపెట్టే పరీక్షలు తయారుచేశారు. ఒకే ఇల్మ్: ఒక చోట తిండిని కాపాడింది, ఇంకో చోట మిస్సైల్ మొనలోకి ఎక్కింది.

1990 ఆగస్టులో సద్దాం ఫౌజ్ కువైట్‌లోకి దిగింది. నేనప్పుడు చిన్న తరగతుల పిల్లగాణ్ని. కువైట్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో రేడియో చుట్టూ జనం కూర్చునేవాళ్లు. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరినవాళ్లను ఎయిర్ ఇండియా విమానాలు తీసుకొచ్చాయి. లక్షా 70 వేల మందికి పైగా హిందుస్తానీలు అట్లా బయటపడ్డారు. వాళ్లు దాటివచ్చిన ఆ దేశమే డిసెంబర్ నాటికి 25 మిస్సైల్ మొనల్లో, 150కి పైగా బాంబుల్లో ఈ విషాలు నింపి పెట్టుకుందని అప్పుడు ఎవరికీ తెలియదు. అల్లా మెహర్బానీ, వాటిని వాడలేదు.

జంగ్ ముగిశాక భద్రతా మండలి 1991 ఏప్రిల్ 3న 687వ తీర్మానం చేసి, ఒప్పందాన్ని తౌసీఖ్ చేయమని ఇరాక్‌కు చెప్పింది. జూన్‌లో ఇరాక్ చేసింది. అయినా తనిఖీదార్ల ముందు నాలుగేండ్లు అబద్ధమే ఆడింది. 1995లో సద్దాం అల్లుడు హుసేన్ కామిల్ జోర్డాన్‌కు పారిపోయాక గానీ నిజం పూర్తిగా బయటికి రాలేదు. 8,500 లీటర్ల ఆంత్రాక్స్, 19,000 లీటర్ల బొటులినమ్ తయారుచేశామని ఒప్పుకుంది. అల్ హకమ్ కార్‌ఖానాను 1996లో తనిఖీదార్లు నేలమట్టం చేయించారు.

కథకు రెండో సగం 2003లో ఉంది. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా ఎత్తి చూపించి, ఇరాక్ దగ్గర ఇంకా ఆంత్రాక్స్ ఉందన్నాడు. మార్చిలో జంగ్ మొదలైంది. తర్వాత అమెరికా సొంత మనుషులే దేశమంతా గాలించారు, నిల్వలు దొరకలేదు. 1990లో హథియార్ ఉంటే లోకానికి తెలియలేదు. 2003లో లేకుంటే ఉందని చెప్పి జంగ్ చేశారు. రెండింటికీ మూలం ఒక్కటే. ఈ ముఆహిదాకు సొంత తనిఖీ వ్యవస్థ లేదు. దాని కోసం చర్చల్లో తయారైన ముసాయిదాను 2001 జులైలో అమెరికా తోసిపుచ్చింది. రసాయనిక ఆయుధాల ఒప్పందానికి హేగ్‌లో పెద్ద సంస్థే ఉంది. దీనికి 2006లో ఇచ్చింది ముగ్గురు ఉద్యోగుల చిన్న దఫ్తర్. ఆ ఏడు సమీక్షా సదస్సుకు సదారత్ వహించినవారు పాకిస్తాన్ రాయబారి మసూద్ ఖాన్.

పైనుంచి హుకుం పనిచేయని చోట హమ్‌సాయాల మష్వరా పనిచేస్తుందని కొందరు నమ్మారు. 1991 సెప్టెంబర్‌లో అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ మెండోజా నగరంలో కూర్చుని రసాయన, జీవాయుధాలు రెండూ మాకొద్దని ఉమ్మడిగా ఎలాన్ చేశాయి. డిసెంబర్‌లో ఆండీస్ దేశాలు కార్టజీనాలో అదే బాట పట్టాయి. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ పైసలు పెట్టి ప్రాంతాల వారీగా సమావేశాలు జరిపించింది: నైరోబీ, బ్యాంకాక్, సాన్ హోసే, డకార్, 2008లో పశ్చిమాసియా కోసం రోమ్. చిన్న దేశాల అధికారులను కూర్చోబెట్టి చట్టం ఎట్లా రాయాలి, ఫారాలు ఎట్లా నింపాలి అని నేర్పించారు. చాలా దేశాలు దూరంగా ఉన్నది దురుద్దేశంతో కాదు, ఆ పని చూసే మనిషి దఫ్తర్‌లో లేక.

ఫలితం కనిపించింది. మన వాళ్ల దుబాయ్ ఉన్న యూఏఈ 1972లో దస్తఖత్ చేసి, 36 ఏండ్ల తర్వాత, 2008 జూన్‌లో తౌసీఖ్ చేసింది. మయన్మార్ 2014లో, నేపాల్ 2016లో వచ్చాయి. ఆసియా, పసిఫిక్ దేశాల కోసం ఐక్యరాజ్య సమితి నడిపే నిరాయుధీకరణ కేంద్రం 2008 నుంచి కాఠ్‌మాండూలోనే ఉంది. 2016 ఆగస్టులో ఢిల్లీలోనూ ఇట్లాంటి ప్రాంతీయ సమావేశం జరిగింది. 2006లో 155 దేశాలుంటే ఇప్పుడు 185 దాటాయి.

అతికని చోటు మాత్రం పశ్చిమాసియానే. ఇజ్రాయెల్ దస్తఖత్ కూడా చేయలేదు. ఈజిప్టు 1972లో చేసింది, తౌసీఖ్ ఆపింది. ఇజ్రాయెల్ అణుబాంబు మాట తేలనిదే మేమొక్కరమే చేతులు కట్టేసుకోం అన్నది దాని వాదన. ఈ ప్రాంతంలో ఏ సామూహిక సంహార ఆయుధమూ ఉండొద్దని 1990లో హోస్నీ ముబారక్ అడిగాడు. దాని కోసం సమితిలో సదస్సు మొదటిసారి కూర్చున్నది 2019 నవంబర్‌లో. ఇజ్రాయెల్ రాలేదు. అందరూ ఇన్సాఫ్ ముందా, ఏత్‌బార్ ముందా అని తగువు పడుతుంటే ముప్ఫై ఏండ్లు గడిచిపోయాయి.

మనం దూరం నుంచి చూసే తమాషా కాదిది. హైదరాబాద్ దునియాకు టీకాలు పంపే షహర్. టీకా కోసం జరాసీమ్‌ను పెంచే పాత్రలోనే హథియార్ కోసమూ పెంచొచ్చు. అందుకే సభ్యదేశాలు ఏటా ఇచ్చుకునే సమాచార ఫారాల్లో టీకా కేంద్రాల వివరాలూ అడుగుతారు. మన పార్లమెంటు 2005లో సామూహిక సంహార ఆయుధాల చట్టం చేసింది, 2022లో వాటికి పైసలు సమకూర్చడాన్నీ నేరం చేసింది.

ఉత్త వాదాల విలువ మన ఇంట్లోనే చూశాం. 1992లో హిందుస్తాన్, పాకిస్తాన్ రసాయనిక ఆయుధాలు వద్దని ఉమ్మడి ప్రకటన చేశాయి. 1997లో తనిఖీ ఉన్న ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు మన దేశం దగ్గర నిల్వలు ఉన్నాయని తేలింది. 2009 నాటికి లెక్క ప్రకారం నాశనం చేశారు. ప్రకటన దాచింది, తనిఖీ బయటపెట్టి ఖతం చేయించింది.

అందుకే నా మాట ఇది. దస్తఖత్, తౌసీఖ్, దేశంలో ఖానూన్, దాని మీద తనిఖీ. నాలుగూ ఉంటేనే పాబందీ. మొదటి మూడింటికి హమ్‌సాయా దేశాల మష్వరా చాలు. నాలుగోదానికి పెద్ద దేశాలు తమ తలుపులు కూడా తెరవాలి. ఇతరుల ఇండ్లు వెతకమనేవాడు తన ఇల్లు చూపించనంటే, ఆ ముఆహిదా మీద గరీబ్ దేశాలకు ఏత్‌బార్ ఎక్కడి నుంచి వస్తుంది?