రాణి మొఱ

గ్రీకు పురాణములను చదివిన మనవారు క్లైటెమ్నెస్ట్రా పేరు వినియే యుందురు. భర్తను చంపిన యిల్లాలిగా లోకము ఆమెను ఎఱుగును. ట్రాయ్ నగరమును జయించి పదియేండ్ల పిమ్మట ఇల్లు చేరిన అగమెమ్నాన్ మహారాజును ఆమె స్నానసమయమున వలవంటి వస్త్రముతో చుట్టి వధించెను. ఇంతటితో నిలిచిన కథ భర్త పక్షపు కథ. అంతకు పూర్వము జరిగిన దేమి? ఓడలు కదలుటకు అనుకూలమైన గాలి వీచుట లేదని, ఔలిస్ రేవున ఆ రాజు తన కూతురు ఇఫిజెనియాను దేవతకు బలి యిచ్చెను. అకిలీస్ వీరునితో పెండ్లి యని నమ్మించి పిల్లను అచటికి రప్పించెను. యూరిపిడీస్ తన నాటకమున ఆ రాణినోట మఱియొక సంగతి చెప్పించెను. అగమెమ్నాన్ ఆమె మొదటి భర్తను, చంటిబిడ్డను చంపి, పిదప ఆమెను చేపట్టెనట. ఇద్దఱు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి యని తలచినప్పుడు, అదే కథ మనకు వేఱుగా వినబడును.

ఆమె చేసిన హత్యను మేము సమర్థింపము. ఆమె మొఱకు ఏ గతి పట్టినదో చూచుటయే మా యుద్దేశము. క్రీ.పూ. 458లో ఏథెన్సున ప్రదర్శింపబడిన ఈస్కిలస్ నాటకత్రయమున, తల్లిని చంపిన ఒరెస్టీస్‌పై విచారణ జరుగును. తల్లి నిజమైన జనని కాదు, తండ్రి బీజమును పెంచునది మాత్రమే యని అపోలో వాదించును. మతములు సమము కాగా, ఎథీనా దేవి పక్షమున ఒరెస్టీస్ విడుదల నొందును. తల్లి రక్తమునకు న్యాయ మడిగిన ఉగ్రదేవతలు మండిపడుదురు. వారికి ఎథీనా భూగర్భమున నివాసమును, ప్రజల పూజను ఇచ్చి శాంతింపజేయును. న్యాయ మడిగినవారికి పూజ దొరకినది, మొఱ మాత్రము అచటనే ఆగిపోయినది.

పాతకథను బాధితురాలి పక్షమున మఱల చెప్పుట మన సాహిత్యమునకును క్రొత్త కాదు. ఓల్గాగారు ‘విముక్త’ కథలలో సీతకు, ఆమెతోడి పురాణస్త్రీలకు మాట నిచ్చిరి. ఆ గ్రంథమునకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. అయితే గ్రంథమును ఆశ్రయింపక, అడవిలో కోయలు తరతరములుగా నిలుపుకొన్న రాణికథ యొకటి మన చెంతనే కలదు. అది మేడారపు సమ్మక్క కథ. మేడారము పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019నుండి ములుగు జిల్లాలో నున్నది.

కోయదొర పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు, సమ్మక్క ఆయన భార్య. కఱవు వచ్చినది. తినుటకే లేని ప్రజలనుండి కప్పము కూర్చుట సాధ్యము కాలేదు. కప్పము రానందున ప్రతాపరుద్రుని సేన అడవిపైకి వచ్చెను. పగిడిద్దరాజు, కూతుండ్రు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరున కూలిరి. కొడుకు జంపన్న సంపెంగవాగున దుమికి ప్రాణము విడిచెను. నేడది జంపన్నవాగు. భర్తను, బిడ్డలను కోల్పోయిన సమ్మక్క తానే పోరాడి, వెనుకనుండి పొడిచిన పోటుతో చిలుకలగుట్టవైపు నడచి కనుమఱుగయ్యెను. వెదకినవారికి కుంకుమభరిణె మాత్రమే దొరకెను.

ఇది జనశ్రుతి. 1289నుండి 1323వఱకు ఏలిన ప్రతాపరుద్రుని కాలపు శాసనములలో ఆమె పేరు కానరాదు. శాసనము వేయించువాడు రాజు లేక రాజాశ్రితుడు. దానములను, విజయములను చెక్కించునుగాని కప్పము చెల్లింపలేనివారి గోడు అతని కేల? సింహాసన మెక్కిన రుద్రమదేవియే అనేక శాసనములలో రుద్రదేవ మహారాజను పురుషనామముతో నున్నది. 1289నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెల్పునుగాని, మరణించిన విధమును చెప్పదు. పట్టపురాణి గతియే ఇట్లుండగా అడవిరాణికి శిలపై చోటెక్కడిది?

కోయలు ఆమె కథను శిలకు బదులు నడకలో నిలిపిరి. రెండేండ్ల కొకసారి మాఘమాసమున, బుధవారమునాడు కన్నెపల్లినుండి సారలమ్మ, మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజు మేడారపు గద్దెలకు వత్తురు. గురువారము చిలుకలగుట్టనుండి సమ్మక్క దిగివచ్చును. విగ్రహము లేదు. కోయ వడ్డెలు తెచ్చు కుంకుమభరిణెయు, వెదురునే ఆమె గుఱుతులు. యుద్ధమున చెదరిన కుటుంబము నాలుగుదినములు కూడి, శనివారము మఱల వనమున చేరును. దారి తెలిసినవారికి ఈ పూజ తానే రాణిపక్షపు కథనము.

మఱి మనమాటేమి? జనగామ మొదలు భూపాలపల్లివఱకు ఎన్నియో యిండ్లలో జాతరకు ముందు బెల్లము తూచి, బంగారమని పేరుపెట్టి, నిలువెత్తు మ్రొక్కు చెల్లింతుము. 1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించెను. సమ్మక్క గుట్ట దిగునపుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి కాల్చి వందన మొనర్చును. ఏ రాజ్యపు సేన ఆమె యింటిని కూల్చినదో, ఆ రాజ్యపదవి నేడు ఆమెకు తల వంచుచున్నది. ఇది సంతోషమే. కాని తల వంచుటయు, చెవి యొగ్గుటయు ఒకటి కావు.

దేవతగా కొలుచుటకన్న గొప్ప గౌరవ మేమున్నదని కొంద ఱడుగుదురు. భక్తిని మేము కాదనము. కాని దేవతను మనము వరము లడుగుదుము, అన్యాయము పొందిన రాణియో మనలను ప్రశ్న లడుగును. కఱవునాడు కప్పమేల? అడవిలో బ్రదుకువాని నోటికూడుకన్న కోట బొక్కసము పెద్దదా? గ్రీకులు తమ రాణిని హంతకిగా మాత్రమే తలచి ఆమె మొఱను మఱచిరి. మనము మన రాణిని దేవతగా మాత్రమే తలచినచో ఫలితము వేఱుకాదు. కావున వచ్చు జాతరకు బెల్లము తూచునపుడు గృహిణులు పిల్లలను చెంతకు పిలిచి, ఆమె యిచ్చు వరములకంటె ముందుగా, ఆ కఱవును, ఆ కప్పమును గూర్చి చెప్పవలెనని మా కోరిక.