వేసవి సెమినార్లు, కళాశాల అధ్యాపకులు: అమెరికా అనుభవం

అమెరికాలో మానవీయశాస్త్రాల జాతీయ నిధి సంస్థ 1965లో చట్టం ద్వారా ఏర్పడింది. పరిశోధన, గ్రంథ ప్రచురణ, మ్యూజియంలకు సాయం చేసే ఈ సంస్థ చరిత్రలో కళాశాల అధ్యాపకుల వేసవి సెమినార్లకు దక్కిన స్థానం చిన్నదే. బోధన చరిత్ర దృష్ట్యా చూస్తే మాత్రం అది చిన్నది కాదు.

ఈ సెమినార్లు 1973లో మొదలయ్యాయి. అప్పటికి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు తగ్గిపోయి, డాక్టరేట్ పొందిన అనేకులు చిన్న కళాశాలల్లో చేరుతున్నారు. అక్కడ బోధన భారం ఎక్కువ, గ్రంథాలయం చిన్నది, తమ విషయం చర్చించగల సహోద్యోగి ఒక్కరైనా లేని శాఖలు అనేకం. సెమినార్ రూపకల్పన సరిగ్గా ఈ లోటును ఉద్దేశించినది. సుమారు పన్నెండు మంది అధ్యాపకులు పెద్ద గ్రంథాలయమున్న విశ్వవిద్యాలయంలో ఒక పండితుని వద్ద ఎనిమిది వారాలు గడిపేవారు. ఉమ్మడి పఠనంతో పాటు ఎవరి అధ్యయనం వారికి ఉండేది. ప్రయాణానికి, బసకు, పుస్తకాలకు భృతి లభించేది. పరీక్ష ఉండేది కాదు.

ఇదే సంస్థ నిధులతో ఆధునిక భాషల సంఘం 1977లో నిర్వహించిన రెండు సెమినార్లు మరొక కోవకు చెందినవి. యేల్ విశ్వవిద్యాలయంలో జరిగినది ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్య బోధనకు సంబంధించినది. డెక్స్టర్ ఫిషర్, రాబర్ట్ స్టెప్టో సంపాదకత్వంలో 1979లో వెలువడిన గ్రంథం దాని ఫలితమే. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో జరిగిన రెండవది అమెరికన్ ఆదివాసీ సాహిత్యానికి సంబంధించినది. దాని నుండి పాలా గన్ అలెన్ సంపాదకత్వంలో 1983లో వచ్చిన సంపుటిలో విమర్శ వ్యాసాలతో పాటు పాఠ్యప్రణాళికలు కూడా ఉన్నాయి. ఈ రెండవ అంశమే ముఖ్యం. ఆ సాహిత్యాన్ని ఎన్నడూ తరగతిలో చదవని అధ్యాపకుడు, ఏ రచనతో మొదలుపెట్టాలో, ఏ క్రమంలో చెప్పాలో తెలియక దాన్ని పక్కన పెట్టేస్తాడు. విమర్శ గ్రంథాలు తీర్చలేని ఆ ఇబ్బందిని పాఠ్యప్రణాళిక తీరుస్తుంది.

ఈ పథకాన్ని ఆదర్శీకరించనవసరం లేదు. ఎనిమిది వారాలు ఇల్లు విడిచి ఉండడం పసిపిల్లలున్న వారికి సులభం కాదు. వేసవి తరగతుల జీతంపై ఆధారపడిన వారికి భృతి ఆ నష్టాన్ని పూడ్చేది కాదు. కాలక్రమంలో వ్యవధి కూడా కుదించుకుపోయింది. 2010ల నాటికి ఐదు వారాల సెమినారే దీర్ఘమైనది. దానికి భృతి 3,900 డాలర్లు. రెండు వారాల్లో చర్చ సాధ్యమే గాని, గ్రంథాలయంలో కూర్చుని ఒక వ్యాసానికి రూపమివ్వడం కష్టం. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ అప్పటికే మంజూరు చేసిన గ్రాంట్లలో అధిక భాగాన్ని రద్దు చేసింది.

భారతదేశంలో ఇందుకు సమీపమైన ఏర్పాటు 1986 జాతీయ విద్యావిధానం తరువాత వచ్చిన అకడమిక్ స్టాఫ్ కళాశాలలు. ఉస్మానియాలోనూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఇవి వెలిశాయి. ఇక్కడి పునశ్చరణ తరగతులు పదోన్నతితో ముడిపడ్డాయి. అందువల్ల హాజరు పెరిగింది. ధ్రువపత్రం కోసమే వచ్చేవారూ పెరిగారు. రోజుకు మూడు నాలుగు ఉపన్యాసాలు, ప్రతిదానికీ వేరొక వక్త అనే పద్ధతిలో పఠనానికి మిగిలే సమయం స్వల్పం. అయితే దోషమంతా ఈ తరగతులదేనంటే అన్యాయమవుతుంది. అమెరికన్ అధ్యాపకుడు తిరిగి వెళ్లి వచ్చే సెమిస్టర్‌లోనే తన పఠనీయ గ్రంథాల పట్టికను చాలావరకు మార్చుకోగలడు. తెలుగు రాష్ట్రాల్లోని అనుబంధ కళాశాల అధ్యాపకునికి పాఠ్యాంశం విశ్వవిద్యాలయ పాఠ్యమండలి నుండి వస్తుంది, ప్రశ్నపత్రం కూడా అక్కడి నుండే. పునశ్చరణ తరగతిలో కొత్త రచయితను చదివిన తెలుగు లెక్చరర్, స్వయంప్రతిపత్తి కళాశాలలో పనిచేస్తే తప్ప, ఆ రచనను సిలబస్‌లో చేర్చడానికి తరువాతి సవరణ వరకు వేచి ఉండాలి.