ఆదిత్య 369: క్యాసెట్టు నుంచి 4కె దాకా

ఆదిత్య 369 తెలుగులో కాలయంత్రం కథతో వచ్చిన తొలి పెద్ద సినిమా. 1991 జులై 18న విడుదలైంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. శ్రీదేవి మూవీస్ పతాకంపై శివలెంక కృష్ణప్రసాద్ నిర్మించగా, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సమర్పించారు. మాటలు జంధ్యాలవి, సంగీతం ఇళయరాజాది. 34 ఏళ్ల తర్వాత, 2025 ఏప్రిల్ 4న, 4కె చిత్రంతో, 5.1 శబ్దంతో మళ్లీ థియేటర్లకు వచ్చింది.

ఇది హాలీవుడ్ సినిమా 'బ్యాక్ టు ద ఫ్యూచర్' (1985)కి అనుకరణ అని అప్పట్లో అన్నవారున్నారు. సింగీతం మాత్రం కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ నవల 'ద టైమ్ మెషీన్' (1895) తన మనసులో నాటుకుందని చెప్పారు. యంత్రం అరువుదే కావచ్చు, అది వెళ్లి దిగిన చోటు మనది. సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనంతో మొదలైన కథ 1526 నాటి విజయనగరానికి, అక్కడి నుంచి అణుయుద్ధం తర్వాత జనం నేల కింద బతికే 2504కి వెళ్తుంది. వెల్స్ కథానాయకుడు భవిష్యత్తు వైపే పరుగెత్తాడు. తెలుగువాడికి యంత్రం దొరికితే ముందు కృష్ణదేవరాయలవారి కొలువు చూడాలనుకుంటాడు. ఈ సినిమాను అనుకరణ అనడం సరికాదని చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

తెనాలి సీమకు ఈ సినిమాతో చుట్టరికం ఆ కొలువు దగ్గరే కలుస్తుంది. 1526 ఘట్టంలో తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ నటించారు. పాండురంగ మాహాత్మ్యం రాసిన ఆ కవి రాయల తర్వాతి కాలంవాడని వాదించే పండితులున్నారు, జనం మాత్రం ఆయన్ను రాయల పక్క నుంచి కదలనివ్వలేదు. రాయలు కొండవీడు గెలిచింది 1515లో. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం అలా విజయనగరం ఏలుబడిలోకి వచ్చింది. తెరమీద రాయలకూ ఒక వారసత్వం ఉంది. బి.ఎస్. రంగా తీసిన 'తెనాలి రామకృష్ణ' (1956)లోనూ, 'మహామంత్రి తిమ్మరుసు' (1962)లోనూ ఆ వేషం ఎన్టీ రామారావుది. ఇందులో ఆయన కొడుకు బాలకృష్ణ రాయలుగానూ, నేటి యువకుడు కృష్ణకుమార్‌గానూ రెండు పాత్రలు వేశారు.

ఇంకో దారిలోనూ తెనాలి పేరు చెప్పుకోవాలి. విజయా సంస్థను నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణి తెనాలివారు. ఆ సంస్థ తీసిన 'మాయాబజార్' (1957)కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన యువకుడే సింగీతం. లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించే పనితనం ఆయన అక్కడే నేర్చారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ అందుబాటులో లేని రోజుల్లో ఆదిత్య 369 సెట్లతో, కెమెరా పనితోనే నిలబడింది. పి.సి. శ్రీరామ్ అనారోగ్యంతో తప్పుకోగా రాయల కాలాన్ని వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తును కబీర్ లాల్ చిత్రించారు. కళా దర్శకుడు పేకేటి రంగాకు నంది పురస్కారం దక్కింది.

థియేటర్ల నుంచి వెళ్లిపోయాక ఇలాంటి సినిమాలు క్యాసెట్లలో బతికాయి. 1990ల్లో చిన్న పట్టణాల వీడియో షాపుల్లో వీహెచ్ఎస్ క్యాసెట్టు అద్దెకు తెచ్చుకోవడం, ఆ తర్వాత వీడియో సీడీలు (వీసీడీలు) కొనుక్కోవడం మామూలు. ఆ బతుకు ఎంత ఇరుకైనదో అంకెలే చెబుతాయి. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే ఉంటాయి. 4కెలో అవి 3840, 2160. పైగా సినిమాస్కోప్ బొమ్మను పాత టీవీ చట్రంలో ఇమడ్చడానికి రెండు పక్కలా కోసేసేవారు. వెడల్పాటి కొలువుకూటంలో అంచున నిలబడ్డ నటుడు ఇంట్లో చూసేవాళ్లకు కనబడేవాడు కాదు. 'జాణవులే' పాటలో అలనాటి గాయని జిక్కి గొంతు పలికింది. టీవీ చిన్న స్పీకర్లో ఆ గొంతు వాద్యాల మధ్య నలిగిపోయేది. నా ఉద్దేశంలో ఈ సినిమాను మళ్లీ బాగుచేయడానికి ఆ పాట ఒక్కటే చాలు.

తెలుగులో పాతవాటిని బాగుచేసి మళ్లీ చూపించడం కొత్తేమీ కాదు. హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ మాయాబజార్‌కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేయించింది. 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకు 'పోకిరి' 4కెలో వచ్చాక పునర్విడుదలలు వరస కట్టాయి. వాటిలో ఎక్కువ భాగం అభిమానుల పండగలే. ఆదిత్య 369ను ఆ లెక్కలో కలపకూడదు. రెండోసారి తెరకెక్కేనాటికి జంధ్యాల, బాలు, ఇందులో నటించిన అమ్రిష్ పురి, సిల్క్ స్మిత, చంద్రమోహన్ లేరు. పాటలు రాసిన వేటూరి లేరు. వాళ్ల పని మంచి స్థితిలో మిగలడమే ఇక్కడ ముఖ్యం.

ఫిల్ము శాశ్వతం కాదు. అసిటేట్ రీలు వేడికీ తేమకూ పులిసి వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. రంగుల ప్రింటయితే వెలిసి ఎర్రబారుతుంది. కోస్తా వాతావరణం వీటికి బద్ధశత్రువు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు నేడు మనకు లేదు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పూణెలో 1964లో ఏర్పడింది. అప్పటికే చాలా పోయాయి. పాత డిస్ట్రిబ్యూటర్ల ఇళ్లలో, మూతబడ్డ సినిమా హాళ్ల గదుల్లో ఇంకా రీలు డబ్బాలుంటే వాటిని పాతసామాన్ల వాడికి వేయకండి. పూణె ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి.