ఊరు పెరుగుదల – దారుల కలయిక

ఊరు విస్తరించినంత మాత్రాన దాని వీధులు ఒకదానితో ఒకటి కలుస్తాయనుకోరాదు. ఇందుకు ఏలూరు చరిత్రయే నిదర్శనం.

తమ్మిలేరు ఈ పట్టణం మీదుగా పోయి కొల్లేటిలో కలుస్తుంది. 19వ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు నిర్మించిన పిమ్మట గోదావరి, కృష్ణా కాలువలు ఇక్కడ కలిశాయి. 1890ల దశాబ్దంలో రైలుమార్గం వచ్చింది. ఇవి దూరపు ఊళ్ళను దగ్గర చేశాయి. కాని ఊరిలోనివారికి అడ్డుగా నిలిచాయి. ఆవలి పేటకు పోవాలంటే వంతెనో, గేటో వెదకవలసిందే. తాడేపల్లిగూడెంలో కాలువకూ, రైలుపట్టాలకూ తోడు రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల రన్‌వే కూడ కలదు.

తరువాత పొలాలు ఇళ్ళస్థలాలయ్యాయి. ఒక లేఅవుటు వీధి ప్రక్క లేఅవుటు గట్టు వద్ద ఆగిపోతే, ఎదుటి ఇంటికైనా పెద్దరోడ్డు చుట్టి రావలసివస్తుంది. వీధులు పెరిగినా దారులు పెరగవు.

హిజ్రీ 17 (క్రీ.శ. 638)లో కూఫా నగరాన్ని నిర్మించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ప్రధాన వీధులు 40 మూరలు, తరువాతివి 30, 20 మూరలు, సందులు 7 మూరలు ఉండాలని ఆదేశించినట్లు తబరీ వ్రాశాడు. మూసిన సందు అందలి నివాసులదనీ, సాగిపోయే దారి సర్వజనులదనీ హనఫీ న్యాయవేత్తలు విభజించారు.

నీటికీ దారి హక్కు ఉన్నది. కొల్లేటి నీరు సముద్రానికి చేరే మార్గం ఉప్పుటేరు ఒక్కటే. 1999లో సరస్సును 5వ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. ఇల్లు కట్టకముందే మనిషి దారినీ, నీటి దారినీ నిర్ణయించడమే వివేకం.