గాజుగోడల నడుమ ఖుక్రీ

సౌరాష్ట్ర దక్షిణాగ్రమున, తరతరములు పోర్చుగీసువారి యేలుబడిలో నుండి 1961 డిసెంబరులో భారతదేశమున చేరిన డయ్యూ ద్వీపమునందు, కడలికెదురుగా ఒక చిన్నగుట్టపై, గాజుగోడల నడుమ ఒక యుద్ధనౌక ప్రతిరూపము నిలిచియున్నది. అది ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ. గూర్ఖావీరుల వంకరకత్తి పేరు దాల్చిన అసలు నౌక, అచటికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరమున, సముద్రగర్భమున నున్నది.

నేను పోయినది సాయంసమయము. వాలుటెండలో అరేబియా సముద్రపుటలలు ఆ గాజునందు ప్రతిఫలించి, లోపలి ఓడ నిజముగ నీటిపై తేలుచున్నట్లు తోచెను. రెండడుగులు పక్కకు జరుగగనే అలలు మాయమై, ఓడ కదలక మెదలక నిలిచెను. అటునిటు ఎన్నిమార్లు నడచితినో!

1971 యుద్ధమున విశాఖ వాకిట మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కథ మన తెలుగువారికి కంఠస్థము. అటుపిమ్మట వారమైనను తిరుగకమునుపే ఖుక్రీని పోగొట్టుకొంటిమన్న మాట మాత్రము మనలో ఎందఱెఱుగుదురు? డిసెంబరు 9వ తేదీ రాత్రి, తోడునౌక కిర్పాణ్‌తో కలిసి శత్రు జలాంతర్గామిని గాలించుచున్న ఖుక్రీ, తన సోనార్ యంత్రమునకు మఱింత దూరము వినికిడి కలిగించు ప్రయోగమొకటి సాగుచుండుటచే, వేగము తగ్గించుకొనియుండెను. పరుగెత్తు ఓడకు తన రొదయే తన చెవికడ్డము. మెల్లగా పోవు ఓడయో, గుఱికి సులువు. పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ ముందుగా పసిగట్టినది. తొలి టార్పెడో గుఱి తప్పినను, మలిది ఖుక్రీని తాకెను. కొన్ని నిమిషములలోనే ఓడ మునిగిపోయెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితోనే పోయిరి.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా, చేతనైనంతమందిని ఓడ దాటించి, తన లైఫ్ జాకెట్టును సైతము వేఱొక నావికునికిచ్చి, తాను మాత్రము ఓడను విడువలేదు. ఆయనకు మరణానంతరము మహావీర చక్రము లభించినది. ఆ జాకెట్టు చేతులు మాఱిన క్షణము నా మనస్సును విడువకున్నది. యుద్ధచరిత్రలలో ఒక్క వాక్యమునకు మించి చోటు దొరకని ఆ క్షణమునకై నేను గ్రంథమంత చదువగలను.

నేలపై కూలినవానికి చితియో సమాధియో దక్కును. ఈ 194 మంది ఇండ్లవారు పూలు పట్టుకొని ఎచటికి పోవలెను? 1999లో ఈ గుట్టపై స్మారకము వెలసినంతట, ఇరువదియెనిమిదేండ్లకు, వారికొక చోటు చిక్కినది.

నౌకాదళము ఆ పేరును పోనీయలేదు. 1989లో సేవలో చేరిన మఱియొక నౌకకు ఖుక్రీయనియే నామకరణము చేసిరి. 2021 డిసెంబరులో కొలువు చాలించిన ఆ రెండవ ఖుక్రీయు, ప్రదర్శనశాలయై నిలుచుటకు డయ్యూకే చేరినది.